తప్పు చూపినవారికి సంభావన

ఓడను కట్టటం ఒక ఎత్తు; కట్టిన ఓడను పరీక్షించటం మరొక ఎత్తు. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణంలోని సింధియా ఓడల నిర్మాణ కేంద్రంలో ‘జల ఉష’ను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి వదిలినప్పుడు, స్వతంత్ర భారతదేశం తన ఓడను తాను కట్టుకోగలిగినదని దేశమంతా గర్వించింది. ఐతే నీట దిగినంత మాత్రాన ఏ ఓడా పయనానికి సిద్ధమైనట్లు కాదు. యంత్రం చెప్పిన వేగాన్ని ఇస్తున్నదా, చుక్కానిని తిప్పిన మేరకు ఓడ తిరుగుతున్నదా, లంగరు గట్టిగా పట్టుతున్నదా, ఏ మూలనైనా నీరు ఊరుతున్నదా అని నిపుణులు దానిని సముద్రం మీదికి తీసుకొనిపోయి చూడవలె. ఇదే నగరంలో 2009 జూలై 26న నీట దిగిన ‘అరిహంత్’ జలాంతర్గామి సముద్ర పరీక్షలకు బయలుదేరినది 2014 డిసెంబరులో. నౌకాదళంలో చేరినది 2016లో. కట్టినవారి చేతికి ఎంతటి పనితనం ఉన్నా, పరీక్షించేవారి కన్ను తోడు కానిదే ఆ పనికి పూర్తి లేదు.

ఆ పరీక్షించేవారికి జీతం ఎందుకని విశాఖలో ఎవరూ అడగరు. ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహం నుంచి మచ్చు తీసి, అందులో కర్బనం ఎంత, గంధకం ఎంత అని లెక్క కట్టే ప్రయోగశాల ఉద్యోగికి, కొలిమి దగ్గర నిలిచే కార్మికునికి వలెనే నెలజీతం ఉన్నది. రేవులో దిగిన సరకు తూకాన్నీ నాణ్యాన్నీ చూచి పత్రం వ్రాసి ఇచ్చేవారికి రుసుము ఉన్నది. తప్పు పట్టటం కూడా ఒక పనే అనీ, ఆ పనికి వెల ఉన్నదనీ ఈ నగరం ఏనాడో అంగీకరించింది.

కాని ఇదే నగరంలో, రేవుకు కొన్ని మైళ్ల దూరాన రుషికొండ మీద, మరొక జాతి సరకు తయారవుతున్నది. అది చేతికి అందేది కాదు, తూకానికి వచ్చేది కాదు. దాని పేరు సాఫ్ట్‌వేర్. దాని విషయంలో మాత్రం పరీక్షించేవారికి కూలి ఇవ్వవలెనా, అక్కరలేదా అన్న ప్రశ్న ఇంకా తెగలేదు. విశాఖలోని కళాశాలల నుంచి ఏటేటా బయటికి వచ్చే విద్యార్థులకూ, వారికి చదువు చెప్పే ఉపాధ్యాయులకూ ఇది దూరపు ప్రశ్న కాదు. వారి కాలానికీ, వారి భాషకూ సంబంధించిన ప్రశ్న.

కనబడని సరకు

సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలు తమ సరకును అంగడిలో పెట్టేముందు రెండు విధాలుగా పరీక్షిస్తాయి. మొదటిది ఇంటిలోని పరీక్ష. జీతం తీసుకొనే ఉద్యోగులు చేసేది. రెండవది బయటి పరీక్ష; దానికి ‘బీటా’ అని పేరు. ఇంకా పూర్తిగా పదును పడని ప్రతిని వేలమందికి, లక్షలమందికి ఇచ్చి, ‘వాడి చూచి లోపాలుంటే చెప్పండి’ అని అడుగుతారు. ఒప్పుకొన్నవారు తమ ఫోనులో, తమ కంప్యూటరులో దానిని ఎక్కించుకొని, అది ఆగిపోయినప్పుడల్లా ఎందుకు ఆగిపోయిందో గుర్తించి కంపెనీకి వ్రాస్తారు. లోపాన్ని ‘బగ్’ అంటారు, అనగా పురుగు. బియ్యంలో పురుగు ఏరినట్లే ఇదీ ఓపిక గల పని.

ఈ పని చూపులకు తేలిక. ‘వాడుకొమ్మని ఊరకే ఇచ్చారు, వాడుకొన్నాడు, అందులో శ్రమ ఏమున్నది?’ అని తోచవచ్చు. నిజానికి పనికివచ్చే ఒక్క నివేదిక వ్రాయటానికి, లోపం ఏ మెట్టు దగ్గర పుట్టిందో తెలుసుకోవలె. అదే లోపం మళ్లీ వస్తున్నదో లేదో పదిసార్లు చేసి చూడవలె. ఏది జరగవలసి ఉండగా ఏది జరిగినదో విడమరచి చెప్పవలె. వైద్యునికి రోగి చెప్పే ‘ఒంట్లో బాగా లేదు’ అన్న మాటకూ, నాడి పట్టి చెప్పిన నిదానానికీ ఎంత తేడా ఉన్నదో, ఉత్త ఫిర్యాదుకూ పరీక్షకుని నివేదికకూ అంత తేడా ఉన్నది. పైగా కొందరు లోపం చూపటంతో ఆగరు. ‘ఈ మీట ఇక్కడ కాక అక్కడ ఉంటే ముసలివారికి కూడా అందుబాటుగా ఉంటుంది’ అని ఉపాయం కూడా చెబుతారు. మరుసటి ప్రతిలో ఆ మీట అక్కడికి మారుతుంది. చెప్పినవారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఒక్క అక్షరం చేసిన అల్లరి

ఇట్టి పరీక్షకు తెలుగువారితో ఏమి సంబంధమని అడిగేవారికి 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి సమాధానం చెబుతుంది. ఆ నెలలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లు ప్రపంచమంతటా ఒక్క తెలుగు అక్షరానికి తల్లడిల్లిపోయాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. జకారానికి ఞకారపు ఒత్తు, దాని మీద దీర్ఘం. ‘జ్ఞానం’ అన్న మాటకు మొదటి అక్షరం. కంటికి కనబడని ఒక విడదీత సంకేతం మధ్యలో చేరి ఈ అక్షరం సందేశంగా వచ్చినప్పుడు, దానిని తెరమీద దిద్దబోయిన సాఫ్ట్‌వేర్ దారి తప్పి ఆగిపోయేది. సందేశం చూడబోతే సందేశాల పెట్టె మూతపడేది. కొన్ని సందర్భాలలో ఫోనే పనిచేయకపోయేది. అల్లరివారు కొందరు ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపి వినోదించారు. ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీ కొత్త ప్రతి విడుదల చేసి ఆ లోపాన్ని దిద్దింది.

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. అంతమంది భాషలో బడి పిల్లవాడు సైతం వ్రాసే ఒక అక్షరం, ప్రపంచంలోని గొప్ప కంపెనీలలో ఒకదాని పరీక్షలన్నిటినీ దాటి, లోపంతోనే జనం చేతికి వచ్చింది. ఒత్తులూ గుణింతాలూ తెలిసి, ఏ అక్షరం ఎక్కడ చేరితే ఏమవుతుందో ఓపికగా చూచే తెలుగు కన్ను ఎంత అవసరమో ఈ సంఘటన తేటతెల్లం చేసింది. ‘జ్ఞానం’ దగ్గరే యంత్రం తడబడటం విధి చేసిన పరిహాసం కావచ్చు. కాని ఆ పరిహాసంలో ఒక ఆర్థిక సత్యం ఉన్నది. వెల కట్టని పనిని ఎవరూ పట్టించుకోరు. ఎవరూ పట్టించుకోని పని జరగదు.

ఇప్పుడు ఈ అవసరం ఇంకా పెరిగింది. యంత్రాలు తెలుగులో మాట్లాడటం, తెలుగులో వ్రాయటం మొదలుపెట్టాయి. విశాఖపట్టణంలో కృత్రిమ మేధకు సంబంధించిన మహా కేంద్రాన్ని నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ ప్రకటించింది. యంత్రం వ్రాసిన తెలుగులో విభక్తి తప్పినదని, సంధి చెడినదని, ‘మీరు’ అనవలసిన చోట ‘నువ్వు’ అన్నదని చెప్పగలవారు తెలుగు చదువుకొన్నవారే. ఆ దిద్దుబాటు ఉచితంగా జరగవలెనా, జీతానికి జరగవలెనా అన్నది రేపటి తెలుగు విద్యార్థి బ్రతుకుతెరువు ప్రశ్న కూడా.

రెండు వాదాలు

ప్రతిఫలం అక్కరలేదనేవారి వాదాన్ని కొట్టిపారవేయటానికి వీలు లేదు. పరీక్షకుడు తనంత తాను వచ్చాడు, ఎవరూ బలవంతపెట్టలేదు. అందరికంటె ముందుగా కొత్త సరకును వాడే సంతోషం అతనిది. పని నేర్చుకొన్నాడు, రేపు ఉద్యోగానికి పోయినప్పుడు ఆ అనుభవం అక్కరకు వస్తుంది. పైగా లోపానికి ఇంత అని వెల కడితే, లోపాలు కానివాటిని కూడా లోపాలని వ్రాసి పంపేవారు పుట్టుకొనివస్తారు. ప్రీతితో చేసే పనికి ధర నిర్ణయిస్తే ప్రీతి పోయి బేరం మిగులుతుంది. ఈ మాటలన్నిటిలోనూ కొంత నిజం ఉన్నది.

ఎదుటివారి వాదం ఇంకొక తీరున నడుస్తుంది. కంపెనీ ఆ సరకును ఊరకే పంచిపెట్టదు, అమ్ముకొంటుంది. పదిమంది జీతగాళ్లు చేయవలసిన పనిని పదివేలమంది చేత ఉచితంగా చేయించుకొంటే ఆ మిగులు ఎవరి పెట్టెలోకి పోతున్నది? సొమ్మొకరిది, సోకొకరిది అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. పరీక్ష ప్రతిని పుచ్చుకొనేటప్పుడు ఒప్పుకొనవలసిన షరతులలో, ‘మీరు ఇచ్చే సలహాల మీద సర్వహక్కులూ మావే, వాటికి ప్రతిఫలం లేదు’ అన్న వాక్యం సాధారణంగా ఒకటి ఉంటుంది. ఎవరూ చదవని ఆ వాక్యంలోనే ఈ వివాదమంతా ఇమిడి ఉన్నది.

మరొక సంగతి కూడా ఆలోచించదగినది. ఊరకే పనిచేయగలవాడు ఎవడు? ఇంటి వద్ద తిండికి లోటు లేనివాడు. విశాఖలో ఒక ఇంజనీరింగు విద్యార్థి రాత్రివేళ మూడు గంటలు పరీక్షకునిగా ఉచితంగా పనిచేసి అనుభవం సంపాదించుకోగలడు. అతని గదిలోనే ఉండే మరొక విద్యార్థి ఆ మూడు గంటలు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి తన భోజనపు ఖర్చు రాబట్టుకోవలసినవాడు. తెలివిలో ఇద్దరూ సమానులే. కాని రెండేళ్ల తరువాత అనుభవపత్రం ఒకరి చేతిలోనే ఉంటుంది. ఉచిత సేవ ఉద్యోగానికి మెట్టుగా మారినప్పుడు, ఆ మెట్టు ఎక్కే అవకాశం కలవారికే దక్కుతుంది.

లోకం నడిచిన దారులు

ఈ విషయంలో లోకం ఒకే దారిన నడవలేదు. పరీక్షకునికి వెల ఇవ్వటం మాట అటుంచి, అతని దగ్గరే వెల పుచ్చుకొన్న సందర్భాలున్నాయి. 2000 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తన కొత్త కంప్యూటరు వ్యవస్థ పరీక్ష ప్రతిని 29 డాలర్ల 95 సెంట్లకు అమ్మింది. కొన్నవారు డబ్బు ఇచ్చి మరీ లోపాలు వెదకిపెట్టారు. మరుసటి ఏడు అసలు ప్రతి వచ్చినప్పుడు వారికి ధరలో తగ్గింపు ఇచ్చారు గనుక ఆ బాకీ కొంత తీరినట్లే అనుకోవచ్చు.

అమెరికా ఆన్‌లైన్ కంపెనీ కథ దీనికి భిన్నమైనది. ఆ కంపెనీ సంభాషణశాలలను కనిపెట్టుకొని ఉండటానికీ, కొత్తవారికి దారి చూపటానికీ వేలమంది స్వచ్ఛంద సేవకులు పనిచేసేవారు. వారికి పని వేళలు నిర్ణయించారు; పనిచేసిన గంటలకు లెక్క అడిగారు; జీతం మాత్రం ఇవ్వలేదు. వేళకు రావలెను, లెక్క చెప్పవలెను, కాని కూలి లేదు అంటే అది సేవ ఎట్లా అవుతుందని వారిలో కొందరు 1999లో న్యాయస్థానానికి ఎక్కారు. పదకొండేళ్లు నడిచిన ఆ వ్యాజ్యం 2010లో కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసింది.

ఇవ్వటం తెలిసినవారూ లేకపోలేదు. 1995 అక్టోబరులో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు పరీక్ష ప్రతిలో భద్రతకు భంగం కలిగించే లోపాలను చూపినవారికి నగదు బహుమతి ప్రకటించింది. ఆ పద్ధతి తరువాత అనేక కంపెనీలకు ఒరవడి అయినది. ఆపిల్ కూడా 2016లో కొద్దిమంది ఆహ్వానితులకు మాత్రమే అట్టి బహుమతి పథకం తెరిచి, 2019 డిసెంబరులో దానిని అందరికీ వర్తింపజేసింది. ఐతే ఈ బహుమతులు ముఖ్యంగా భద్రతకు సంబంధించిన లోపాలకే. తాళం విరిగినదని చెప్పినవారికి బహుమానం, తలుపు కిర్రుమంటున్నదని చెప్పినవారికి మౌనం. మొదటిదానికి దొంగ కూడా వెల ఇవ్వగలడు. రెండవదానికి కొనేవాడు లేడు. బహుమతి పథకాలు న్యాయబుద్ధితో పాటు భయం వల్ల కూడా పుట్టినవని ఇందువల్ల తెలుస్తుంది.

వీరందరిలో ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోదగినవాడు డోనాల్డ్ నూత్ అనే అమెరికా ఆచార్యుడు. కంప్యూటరు శాస్త్రంలో మహాగ్రంథాలు వ్రాసిన ఈ పండితుడు, తన పుస్తకంలో తప్పు చూపిన మొదటి వ్యక్తికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపే నియమం పెట్టుకొన్నాడు. విలువైన సూచన చేసినవారికి 32 సెంట్లు. అచ్చుపనికి తాను వ్రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టినవారికి బహుమానాన్ని ఏటేటా రెట్టింపు చేస్తూ పోయి, 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర నిలిపాడు. ఆ చెక్కులను అందుకొన్నవారిలో చాలామంది మార్చుకోక, పటం కట్టించి గోడకు తగిలించుకొన్నారు. మోసగాళ్ల బెడద వల్ల 2008 నుంచి ఆయన నిజమైన చెక్కుకు బదులు గౌరవపత్రం పంపుతున్నాడు. మొత్తం చిన్నది. కాని ‘నీవు చూపిన తప్పు నా పుస్తకానికి మేలు చేసింది’ అని పెద్దవాడు సంతకం చేసి ఇచ్చిన కాగితానికి ఖరీదు కట్టగలవారు ఎవరు? తప్పుకు ఒక వెల, ఉపాయానికి ఒక వెల అని ఆయన వేరువేరుగా నిర్ణయించటం కూడా గమనించవలసిన విశేషమే.

ఉక్కునగరం నేర్పే పాఠం

ఉపాయానికి వెల కట్టే పద్ధతి విశాఖవాసులకు కొత్తది కాదు. పెద్ద కర్మాగారాలలో కార్మికుల సూచనలను స్వీకరించే పథకాలు ఉంటాయి. యంత్రం దగ్గర రోజూ నిలిచేవానికి ఆ యంత్రపు కష్టసుఖాలు గదిలో కూర్చున్న అధికారి కంటె బాగా తెలుస్తాయి. ఒక గొట్టాన్ని కొంచెం పక్కకు తిప్పితే వేడి వృథా కాదని, ఒక అడ్డు పెడితే ప్రమాదం తప్పుతుందని అతడు వ్రాసి ఇస్తాడు. పనికివస్తే అమలు చేస్తారు. ఇచ్చినవానికి బహుమానం ఇస్తారు. ఇట్టి సూచనలు చేసిన కార్మికులను జాతీయస్థాయిలో గౌరవించటానికి కేంద్ర కార్మిక శాఖ 1965లో పురస్కారాలను నెలకొల్పింది. ‘శ్రమవీర్’ అన్న పేరుతో మొదలైన అవి తరువాత ‘విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కారాలు’ అయినవి. మొదట కర్మాగారాలకే పరిమితమైనవి, ఆ పిమ్మట గనులకూ, తోటలకూ, రేవులకూ విస్తరించాయి. విశాఖ ఉక్కు కార్మికులు పలు సంవత్సరాలలో ఈ గౌరవం అందుకొన్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఆ కార్మికునికి నెలజీతం ఇదివరకే ఉన్నది. ఐనా అతని ఉపాయానికి వేరే బహుమానం ఉన్నది. అనగా చేతిపనికి ఇచ్చే జీతం వేరు, బుద్ధికి ఇచ్చే మన్నన వేరు అని కర్మాగారం ఒప్పుకొన్నది. జీతం పుచ్చుకొనేవాని ఆలోచనకే విడిగా వెల ఉన్నప్పుడు, జీతమూ లేని స్వచ్ఛంద పరీక్షకుని ఆలోచనకు వెల లేదనటం ఏ తర్కానికి నిలుస్తుంది?

చట్టం చెప్పేది

చట్టం ఈ విషయంలో సగం దూరమే తోడు వస్తుంది. ఉత్త ఆలోచనకు గ్రంథస్వామ్యం లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యంలో స్పష్టంచేసింది. నాటకంలోని భావం సినిమాలో కనబడినంత మాత్రాన దొంగతనం కాదని, భావాన్ని వెల్లడించిన తీరుకు మాత్రమే రక్షణ ఉన్నదని ఆ తీర్పు సారాంశం. 1970 నాటి పేటెంట్ల చట్టం కంప్యూటరు ప్రోగ్రామును, ప్రోగ్రాముగా మాత్రమే చూచినప్పుడు, పేటెంటుకు అర్హమైన వస్తువుగా ఎంచదు. కనుక ఒక మంచి ఉపాయాన్ని నోటితో చెప్పి, అది అమలైన తరువాత ‘నాది’ అని వెళితే వినేవారుండరు.

ఐతే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో రెండు సెక్షన్లు స్మరింపదగినవి. ఉచితంగా చేయవలెనన్న ఉద్దేశం లేకుండా ఒకడు మరొకనికి న్యాయంగా ఒక పని చేసిపెట్టగా, రెండవవాడు ఆ ఫలాన్ని అనుభవిస్తే, పరిహారం ఇవ్వటానికి బద్ధుడని 70వ సెక్షన్ అంటుంది. స్వచ్ఛందంగా పని చేసిపెట్టినవానికి ఆ పిమ్మట ప్రతిఫలం ఇస్తానని వాగ్దానం చేస్తే, ఆ వాగ్దానం చెల్లుతుందని 25వ సెక్షన్ అంటుంది. రెండింటిలోనూ కీలకమైనది ఉద్దేశం. మొదటనే ‘ఉచితంగా చేస్తాను’ అని ఒప్పుకొన్నవానికి 70వ సెక్షన్ తోడు రాదు. అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దలు ఊరకే అనలేదు. షరతులు చదవటం, పనికి ముందు మాట తెంచుకోవటం నేటి విద్యార్థికి వ్యాకరణమంత అవసరమైన చదువు.

దానమూ, వెట్టీ

తెలుగు భాష ఈ చిక్కును విప్పటానికి చక్కని మాటలు దాచిపెట్టి ఉంచింది. రోజు లెక్కకు ఇచ్చేది కూలి. నెల లెక్కకు ఇచ్చేది జీతం. విద్యకు మెచ్చి మర్యాదతో ఇచ్చేది సంభావన. ఎదురుచూడకుండా వచ్చేది బహుమానం. ఏమీ పుచ్చుకొనక తన ఇష్టంతో శ్రమను సమర్పిస్తే అది శ్రమదానం. ఇష్టం లేకుండా, కూలి లేకుండా చేయిస్తే అది వెట్టి. శ్రమదానంలోనూ వెట్టిలోనూ కూలి లేదు. ఐనా ఒకటి పుణ్యం, మరొకటి నేరం. తేడా రెండు విషయాలలో ఉన్నది: చేసేవాని మనస్సు ఎటువంటిది, ఫలం ఎవరి ఇంటికి చేరుతున్నది.

ఊరి చెరువు పూడిక తీయటానికి అందరూ కలసి మట్టి మోస్తే అది శ్రమదానం. ఆ నీరు అందరి పొలాలకూ పారుతుంది. భూస్వామి సొంత బావికి అదే మట్టి ఊరకే మోయించుకొంటే దానికి ఏ పేరు పెట్టవలెనో ఎవరికీ చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఊరి చెరువులు ఉన్నాయి, సొంత బావులు ఉన్నాయి. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా ఊరి చెరువు. వ్రాసేవారు, తప్పులు దిద్దేవారు అందరూ స్వచ్ఛంద సేవకులే. వ్రాసినదానిని ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పాటుపడుతున్న ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కృషి కూడా ఆ కోవలోనిదే. ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఉచితానికీ ఒకే మాట ఉండటం వల్ల ఆ దేశాలవారు ఎంతకాలమో తికమకపడ్డారు. తెలుగులో రెండు మాటలున్నాయి. స్వేచ్ఛగా వాడుకోదగినదంతా శ్రమ లేకుండా పుట్టినదని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ఊరి చెరువుకు పనిచేసే విద్యార్థులకు కూడా భృతి ఇవ్వవచ్చునని, 2005 నుంచి గూగుల్ కంపెనీ వేసవి పథకం ఒకటి నిరూపిస్తున్నది.

తెలుగు సాహిత్య చరిత్రలోనే ఈ రెండు దారులకూ ఇద్దరు మహనీయులు సాక్షులు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, ప్రతులను సరిపోల్చి తప్పులు దిద్దటానికి పండితులను నియమించి, తన జీతం నుంచి వారికి జీతాలిచ్చాడు. అప్పుల పాలైనా ఆ జీతాలు మానలేదు. నేటి మాటలో చెప్పవలెనంటే జూలూరి అప్పయ్య వంటి ఆ పండితులు వేతనం పుచ్చుకొన్న పరీక్షకులు. వారి కన్ను లేనిదే బ్రౌన్ అచ్చొత్తించిన కావ్యాలకు ఆ శుద్ధి వచ్చి ఉండేది కాదు.

రెండవవారు గిడుగు రామమూర్తి. సవరల భాష నేర్చి, వారికి పుస్తకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపిన ఆయనకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమని కోరినట్లు ఆయన చరిత్ర చెబుతున్నది. ఇక్కడ గమనించవలసినది ఒకటి. రామమూర్తి పంతులుగారు వద్దన్నారు, ప్రభుత్వం ఇవ్వకపోలేదు. ఇవ్వవలసినవారు ముందు ఇవ్వజూపినప్పుడే, పుచ్చుకోవలసినవారి నిరాకరణకు గౌరవం వస్తుంది. ఇవ్వజూపకుండానే ‘వారు త్యాగశీలురు’ అని పొగడటం త్యాగాన్ని మెచ్చటం కాదు, త్యాగాన్ని వాడుకోవటం.

ఏది న్యాయం?

కనుక స్వచ్ఛంద పరీక్షకులకు ప్రతిఫలం కావలెనా అన్న ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పటం కంటె, ఫలం ఎవరిదని ముందు అడగటం ఉచితం. ఫలం అందరిదైన చోట శ్రమను దానం చేయవచ్చు. అక్కడ పేరు చెప్పి కృతజ్ఞత తెలపటం, వీలైతే భృతి కల్పించటం ధర్మం. ఫలం ఒకరిదైన చోట వెల ఉండవలె. వేళ నిర్ణయించి, పని అప్పగించి, లెక్క అడిగితే అది ఉద్యోగమే. దానికి జీతం తప్పదు. ఎవరికి తోచినప్పుడు వారు చూచి చెప్పే పనికి, చెప్పిన లోపం నిజమని తేలితే, నూత్ ఆచార్యుని పద్ధతిలో చిన్నదో పెద్దదో నిర్ణీతమైన సంభావన ఉండవలె. లోపాలు కానివాటిని పంపేవారి బెడద దీనితో తీరుతుంది. నిజమని తేలినదానికే గదా వెల! ఉపాయం అమలైతే ఆ ఉపాయం ఎవరిదో చెప్పవలె. ఈ మాటలన్నీ పని మొదలు కాకముందే, చదివేవానికి అర్థమయ్యే భాషలో, తెలుగువానికి తెలుగులో, ఉండవలె.

ఉపాధ్యాయులు ఈ విషయంలో చేయగలిగినది కొంత ఉన్నది. ఉత్తరం వ్రాయటం, దరఖాస్తు వ్రాయటం నేర్పినట్లే, లోపాన్ని వివరించే నివేదిక వ్రాయటం కూడా నేర్పవచ్చు. ‘పనిచేయటం లేదు’ అని ఊరుకోక, ఎప్పుడు, ఎక్కడ, ఏ మెట్టు దగ్గర అని చెప్పగల విద్యార్థికి భాష మీద పట్టు చిక్కుతుంది. ఆ పట్టుకు అంగడిలో వెల కూడా ఉన్నది. తన పని విలువ తెలిసినవాడే దానిని దానం చేయగలడు. తెలియనివాడు పోగొట్టుకొంటాడంతే.

విశాఖ రేవు నుంచి బయలుదేరే ప్రతి ఓడ వెనుకా, దాని అడుగు తట్టి చూచి, ‘ఇక్కడ పల్చగా ఉన్నది’ అని చెప్పినవాడు ఒకడుంటాడు. అతని పేరు ఓడ మీద వ్రాయరు. కాని అతని ఇంట పొయ్యి వెలుగుతుంది. రుషికొండ మీదా ఆ నియమమే వర్తించవలె. ‘జ్ఞా’ అన్న అక్షరాన్ని యంత్రం ముందుంచి, అది తడబడితే కనిపెట్టి చెప్పే తెలుగు కుర్రవాని ఇంట కూడా ఆ దీపం వెలగవలె.